ఆకుపచ్చ పట్టుదారము

తన కథానాయకుని ఊరిపేరు జ్ఞప్తికి తెచ్చుకొనుటకు ఇచ్చగింపని రచయిత, ఆయన ఇంటిపేరు కిహాదయో కెసాదయో కెహానయో తేల్చి చెప్పుటకైనను తొందరపడని రచయిత, ఆయన పండుగనాడు తొడుగుకొను జోళ్ళు ఏ గుడ్డతో కుట్టినవో మాత్రము తొలిపుటలోనే నిస్సందేహముగా చెప్పినాడు. 1605లో మాడ్రిడ్ నగరమున అచ్చుపడిన 'డాన్ క్విక్సోట్' ప్రథమభాగమును మరల చేతికి తీసికొన్నప్పుడు నా చూపు ఈ వింతపై నిలిచిపోయినది. నల్లని మేలి ఉన్నిబట్టతో కుట్టిన నిడుపైన అంగీ, పండుగలకు ముఖమలు లాగు, ఆ ముఖమలుతోనే కుట్టిన మెత్తని జోళ్ళు, వారపు దినములలో రంగు వేయని గోధుమవన్నె ఉన్నిబట్టలో శ్రేష్ఠమైనది: ఇంతే ఆ గృహస్థుని వస్త్రసంపద. ఆదాయమున నాలుగింట మూడు వంతులు తిండికే చెల్లిపోవుచుండగా, మిగిలిన ఆ ఒక్క వంతును ఈ నాలుగు వస్తువులు హరించుచుండెనని సెర్వాంటిస్ లెక్క కట్టి చూపినాడు. పేరు కంటె ముందు గుడ్డను చెప్పుట నిర్లక్ష్యము వలన జరిగినది కాదు. ఆ మనుష్యుని లోకము ఎఱుగునది ఆ గుడ్డవలననే గనుక అట్లు జరిగినది.

హిదాల్గో యనగా స్పెయిను దేశమున కులీనవర్గపు అట్టడుగు మెట్టుపై నిలిచినవాడు. సామాన్యులు చెల్లింపవలసిన పన్నులు అతడు చెల్లింపనక్కఱలేదు. గోడపై ఒక డాలు, మూలలో ఒక ఈటె, పూర్వుల పేరు, ఇవి అతని ఆస్తి. కాని నాగలి పట్టరాదు, త్రాసు పట్టరాదు, చేతివృత్తిని ఆశ్రయింపరాదు. అట్లు చేసెనా, పూర్వులు సంపాదించిపెట్టిన గౌరవము ఊరివారి నోళ్ళలో పడి పలుచనగును. కూటికి పేదయైనను కులమునకు పేదనా అని మనవారు చెప్పు సామెతలోని అభిమానమంతయు ఆ వర్గము వారిలో మూర్తీభవించి యుండెను. అట్టివానికి దుస్తు అలంకారము కాదు, అది దస్తావేజు. వీధిలోనికి వచ్చినప్పుడు తానెవరో లోకమునకు చెప్పవలసిన పత్రమది; ఆ పత్రము మోచేతి దగ్గఱ అరిగిపోవుచుండుటయే అతని జీవితమున నిత్యము జరుగు విషాదము.

ఈ గృహస్థుడు ఏబదియేండ్లకు చేరువయైన వయస్సులో, పంటభూములమ్మి కొన్న వీరగాథలు చదివి చదివి, తన దస్తావేజును మార్చుకొనదలచెను. ముత్తాతలనాటి కవచము మూలబడి, తుప్పు పట్టి, బూజెక్కి యుండెను. దానిని తోమి శుభ్రపఱచినాడు. శిరస్త్రాణమునకు ముఖాచ్ఛాదనము లేకపోగా అట్టతో ఒకటి చేసి అతికించి, దాని బలము తెలిసికొనగోరి కత్తితో వేసిన మొదటి వేటుకే వారము దినముల శ్రమ తుత్తునియలైనది. రెండవమారు లోపల ఇనుపబద్దలు పెట్టి బిగించినాడు. ఈసారి మాత్రము పరీక్షింపలేదు. ఆ పరీక్షింపకపోవుటను గూర్చి నేను చాలసేపు ఆలోచించితిని. అట్ట ఎట్టిదో ఆ చేతులకు తెలియును, తెలిసినది గనుకనే కత్తి ఒరలో నిలిచినది. పిచ్చివాడని లోకమనుకొన్నవానిలో వస్తువు యొక్క స్వభావము నెఱిగిన మెలకువ ఒకటి అడుగున మేల్కొనియే యున్నదని మనకు మొదట తెలియునది ఇక్కడనే. ఆ శిరస్త్రాణమును ఆకుపచ్చని నాడాలతో గడ్డము క్రింద కట్టుకొని తొలి సత్రమునకు పోయినాడు. ముడులు విడలేదు; కోయుటకు ఆయన ఒప్పుకొనలేదు. ఇనుపటోపీతోనే ఆ రాత్రి భోజనము జరిగినది. సత్రపువాడు రెల్లుగొట్టము గుల్లచేసి, ఒక కొన ఆయన నోటనుంచి, రెండవ కొననుండి ద్రాక్షాసవము పోసినాడు. ఆ రాత్రియే ఆ సత్రపువాడు చెప్పిన హితవులలో, సొమ్ముతోపాటు ఉతికిన చొక్కాలు వెంట ఉంచుకొనవలెనన్నది ఒకటి. వీరగాథలు వ్రాసినవారు అది వేఱుగా చెప్పనక్కఱలేనంత స్పష్టమని విడిచిరట. రెండవ యాత్రకు బయలుదేరునప్పుడు క్విక్సోట్ ఆ మాట మఱవలేదు.

ఆయన కన్నులకు గల మహిమ లోకప్రసిద్ధము. గాలిమర ఆయనకు రాక్షసుడు, సత్రము ఆయనకు కోట. గుడ్డ విషయమునను ఆ మహిమ పనిచేసినది. అర్ధరాత్రి చీకటిలో ఆయన మంచము చెంతకు వచ్చిన సత్రపు దాసి మారితోర్నెస్ ధరించిన గోనెగుడ్డ చొక్కా ఆయన చేతికి అతిసూక్ష్మమైన పట్టుగా తోచినది. ఆమె మణికట్టున నున్న గాజుపూసలు తూర్పుదేశపు ముత్యములైనవి. ఒక పేదరాలి గోనెపట్టను పట్టువస్త్రముగా అనుభవించిన ఆ స్పర్శను తలచుకొన్నప్పుడెల్ల నాకు కంఠము గద్గదమగును. ఆ దాసికి ఆమె జీవితమున దక్కిన పట్టు ఆ ఒక్క క్షణమున దక్కినదే యేమో. మాంబ్రినో శిరస్త్రాణము కథయు అందఱెఱిగినదే: దారిన వచ్చు మంగలి తలపై మెఱయుచున్న ఇత్తడి పళ్ళెమును చూచి, అది మూరురాజు మాంబ్రినో ధరించిన స్వర్ణశిరస్త్రాణమని తలచి, క్విక్సోట్ దానిని గెలుచుకొనెను. కాని ఆ మంగలి పళ్ళెమును నెత్తిన ఏల పెట్టుకొనెను? చినుకులు పడుచుండెను, అతని టోపీ బహుశః క్రొత్తది, అది తడిసి పాడగునని పళ్ళెము బోర్లించుకొనెను. ఇంతటి ప్రసిద్ధమైన మాయకు మూలమున నున్నది ఒక పల్లెటూరి వృత్తిగాడు తన క్రొత్తటోపీని గూర్చి పడిన జాగ్రత్త. తరువాత సత్రములో అది పళ్ళెమా శిరస్త్రాణమా అని కలహము చెలరేగినప్పుడు, ఆయన అనుచరుడు సాంచో పాంజా రెండు మాటలను అతికి ఒక సమాసము చేసి, అటు సత్యమునకు ఇటు యజమానికి కొఱత రాకుండ మాటాడినాడు. గుడ్డముక్కలను అతుకు పెట్టు చేయి మాటలకును అతుకు పెట్టగలిగినది.

ఇన్నిటిని మార్చగలిగిన ఆ కన్నులు తన దేహముపై నున్న బట్టను ఎన్నడును మార్చలేకపోయినవి. ఈ సంగతి నాకు ఆలస్యముగా గోచరించినది. గోచరించిన తరువాత నవల అంతయు నాకు మఱియొక వెలుగులో కనిపించినది.

నిద్రలోనే లేచి ద్రాక్షాసవపు తిత్తులతో యుద్ధము చేసిన రాత్రి ఆయనపై నున్నది చొక్కా ఒక్కటే. అది ముందు తొడలను పూర్తిగా కప్పదు, వెనుక మఱి ఆఱంగుళుల పొట్టి. సన్నని పొడవైన కాళ్ళు, వానిపై రోమములు. తలపై సత్రపువానిదైన జిడ్డోడుచున్న ఎఱ్ఱని కుళ్ళాయి. ఎడమచేతికి డాలువలె చుట్టుకొన్న కంబళి. సెర్వాంటిస్ ఇక్కడ కొలబద్ద పట్టుకొని నిలిచినాడు. సియేరా మొరేనా కొండలలో ప్రేమతపస్సు చేసినప్పుడును అంతే: లాగు విప్పి, చొక్కాతోనే మిగిలి, పిల్లిమొగ్గలు వేసినాడు, జపమాల లేకపోగా ఆ చొక్కా కొంగునే చింపి పదునొకండు ముడులు వేసి జపించినాడు. ఈ చివరి వాక్యము తొలి ముద్రణలో కలదు. అదే సంవత్సరమున వెలువడిన రెండవ ముద్రణలో చొక్కా కొంగు పోయి, చెట్టుకాయలు గ్రుచ్చిన మాల వచ్చి చేరినది. మార్చినవారికి జపమాల పవిత్రత అడ్డువచ్చినది కాబోలు. నాకు మాత్రము మొదటిదే ఇష్టము. ఒంటిమీది చొక్కాను చింపుకొన్నవాని భక్తియందు లోపమేమి?

ప్రథమభాగములో వేషములకు కొదవలేదు. పురోహితుడు సత్రపుటింటి యిల్లాలి వద్ద నల్లని ముఖమలు పట్టీలు గల పావడా ఎరువు తెచ్చి కట్టుకొని, కొంతదూరము పోయి, తన వృత్తికది తగదని సిగ్గుపడి విప్పివేయుట; ఏటియొడ్డున కాళ్ళు కడుగుకొనుచున్న రైతుకుఱ్ఱవాడు టోపీ తీయగానే కేశపాశము జాఱి దొరోతెయా యనెడి యువతి యగుట; ఇవి చదువరికి వినోదము గూర్చును గాని, ఇట్టివి ఆ కాలపు నాటకములలోను కోకొల్లలు. సెర్వాంటిస్ హృదయము అక్కడ లేదు.

1615లో వచ్చిన ద్వితీయభాగమున ఆయన హృదయము బట్టలపై మఱింత నిలిచినది. దారిలో తటస్థపడిన దియేగో దె మిరాందా యను గృహస్థుని చూడుడు: సన్నని ఆకుపచ్చ ఉన్నిపైకోటు, దానికి సింహపువన్నె ముఖమలు అంచులు, ఆ ముఖమలుతోనే టోపీ, పచ్చనిది బంగారువన్నె కలిసినది యగు వెడల్పాటి పట్టానుండి వ్రేలాడు మూరుల కరవాలము, గుఱ్ఱమును అదలించు కాలి ముండ్లకు సైతము బంగారుపూత కాక ఆకుపచ్చని లక్కపూత, అదియు మేలిమి బంగారము కంటె సొంపుగా మెఱయునంత నిగనిగ. ఈ పచ్చదనమునకు అర్థమేమని పండితులు ఎన్నో చెప్పిరి. అర్థము వెదకుటకంటె నాకు ఆ యిద్దఱిని ప్రక్కప్రక్కన నిలిపి చూచుట మేలనిపించును. ఇద్దఱును హిదాల్గోలే, ఇద్దఱికిని ఏబదియేండ్లే. ఒకడు దున్నించుకొని, వేటాడి, బిడ్డను చదివించి, ఇరుగుపొరుగును విందుకు పిలిచి, తన పైకోటు రంగుకు ముండ్ల రంగు కుదుర్చుకొనుటకు తీరిక గలవాడు. రెండవవాడు ఆ గృహస్థుని యింట కవచము విప్పినప్పుడు లోపలి తోలుచొక్కాయంతయు ఇనుప మరకలతో నిండియుండెను. తల, మొగము ఐదాఱు బిందెల నీటితో కడుగుకొన్నను నీరు ఇంకను పాలవిరుగుడు రంగు తిరిగియే యుండెను. అంతకు కొంత ముందే సాంచో ఆ శిరస్త్రాణములో పెరుగుముద్దలు దాచియుండెను గదా. ఆ మరకలను చూచి ఆయన చిన్నబుచ్చుకొన్నట్లు లేదు. ఎందులకు లేదో తెలియవలెనన్న, ఈ భాగపు తొలి ప్రకరణములకు వెనుదిరిగి పోవలెను.

అక్కడ, మూడవ యాత్రకు ముందు, ఊరివారు తన్ను గూర్చి ఏమనుకొనుచున్నారో దాపరికము లేక చెప్పుమని క్విక్సోట్ సాంచోను అడిగెను. పెద్ద కులీనులు ఈసడించుచున్నారని సాంచో చెప్పెను. జోళ్ళకు మసి పూసికొని, నల్లని మేజోళ్ళ చిరుగులను ఆకుపచ్చని పట్టుదారముతో కుట్టుకొను చిల్లర హిదాల్గోలు తమతో సాటి కావచ్చుచున్నారని వారి దూషణ. దానికి క్విక్సోట్ ఇచ్చిన సమాధానము గంభీరమైనది. ఆ మాట తనకు తగులదనెను. తాను ఎప్పుడును మంచి బట్టలే కట్టుదుననియు, మాసికల బట్టలు ఎఱుగననియు, చిరుగు మాత్రము ఉండవచ్చుననియు, ఆ చిరుగైనను కాలము చేసినది కాక ఆయుధము చేసినదే యగుననియు. మాసికకు చిరుగునకు నడుమ ఆయన గీచిన ఈ గీటును మించిన అభిమానవాక్యము నేనెక్కడను చదువలేదు. చిరుగు శౌర్యమునకు సాక్షి, మాసిక దారిద్ర్యమునకు సాక్షి. ఇనుప మరకలకు చిన్నబుచ్చుకొనకపోవుటకు కారణమిదియే.

ఇక ద్వితీయభాగమున ఆయనకు ఆతిథ్యమిచ్చిన డ్యూకు మందిరములోని ఒక రాత్రికి వచ్చెదను. కోటలోనికి వచ్చినప్పుడు ఆయన భుజములపై ఎఱ్ఱని సకలాతు శాలువ కప్పిరి. శిరస్సుపై పచ్చని సాటిన్ టోపీ పెట్టుకొనెను. ఆఱుగురు పరిచారికలు దుస్తులు మార్చబోగా లజ్జచే వారించి చొక్కాను సాంచో చేతికిచ్చుమనెను. జీవితమునంతటిలో తాను నిజముగా వీరుడనైతినని మొదటిసారి పరిపూర్ణముగా నమ్మినది ఆనాడే యని రచయిత చెప్పినాడు. కొన్నినాళ్ళకు సాంచో డ్యూకు ఒసగిన ద్వీపపు పాలనకై వెడలిపోయెను. ఆ రాత్రి ఆయన సేవకుల నెవ్వరిని లోనికి రానీయక, తలుపు మూసికొని, రెండు మైనపువత్తుల వెలుగున ఒంటరిగా బట్టలు విప్పుకొనుచుండగా, మేజోడు లాగునప్పుడు దాని అల్లిక తెగి, రెండు డజన్ల కన్నులు ఒక్కసారి జాఱి, జాలకము వలె అయినది. మేజోళ్ళు ఆకుపచ్చనివి. కాసింత ఆకుపచ్చని పట్టుదారము దొరికినచో ఔన్సు వెండి యిచ్చుటకైనను ఆయన సిద్ధపడినంత దుఃఖము కలిగినదట.

మరను రాక్షసునిగా చేసిన మహామాయావులు ఈ రాత్రి రాలేదు. మేజోడు చింపినది ఫ్రెస్తోన్ అను మాంత్రికుడని ఆయన అనలేదు. గోనెను పట్టుగా తాకిన ఆ వ్రేళ్ళకు తన మేజోటి చిరుగు చిరుగుగానే తగిలినది. ఆ చిరుగును ఏ ఆయుధమును చేయలేదు, కాలమే చేసినది. ఊరిలో సాంచోతో ఏ మాటను గర్వముగా చెప్పినాడో ఆ మాటయే రెండు వత్తుల వెలుగున ఎదురై నిలిచినది. ఇంతలో రచయిత కథ నాపి పేదఱికమును సంబోధించి మొఱ్ఱపెట్టినాడు: కులీనులనే వెదకి వెదకి ఏల పట్టుకొందువు, జోళ్ళ పగుళ్ళకు మసి ఏల పూయించెదవు, ఒకే చొక్కాకు పట్టుగుండీ ఒకటి, వెండ్రుకగుండీ ఒకటి, గాజుగుండీ ఒకటి ఏల కుట్టించెదవు అని. తిండిలేక వీధిలోనికి వచ్చి, తిన్నట్లు తోచుటకై పండ్లు కుట్టుకొనుచు నడచువాని అభిమానమును వర్ణించిన ఆ పంక్తులలో పరిహాసము నాకు వినిపించలేదు.

ఆ యింటిలో పట్టుదారమునకు లోటా? ఒక్కమాట చెప్పిన చాలు, పరిచారికలు పదిమంది పరుగెత్తుకొని వత్తురు. కాని ఆ ఒక్కమాటయే చెప్పరానిది. పక్కపై ఒరగి ఆయన ఆ రాత్రి రెండు దుఃఖములను ఒక్క చోటనే అనుభవించెను: సాంచో లేమి ఒకటి, మేజోటి చిరుగు రెండవది. వేఱు రంగు దారముతోనైనను కుట్టుకొనుటకు ఆయన ఒప్పుకొనియుండెడివాడట. హిదాల్గో దారిద్ర్యమునకు అంతకంటె పెద్ద చాటింపు లేదని తెలిసియు. సాంచో విడిచిపోయిన ప్రయాణపు బూట్లు మూలనుండుట చూచి, రేపటికి అవి తొడుగుకొందునని, అవి చిరుగును కప్పునని, అంతటితో కొంత ఊరట పొందెను.

ఈ పుటను చదివినపుడు నాకు మా తాతగారి ఉత్తరీయము కంటికి కట్టును. ఆయన పల్లెబడిలో ఉపాధ్యాయుడు. పెండ్లిపేరంటములకు పోవునప్పుడు ధరించుటకు జరీఅంచు ఉత్తరీయము ఒకటే. అది ఎక్కడెక్కడ పలుచబడెనో, ఎట్లు మడిచి ఎడమ భుజముపై వేసికొన్నచో ఆ పలుచనిచోట్లు లోపలి మడతకు పోవునో ఆయన చేతికి కన్నులు మూసికొన్నను తెలియును. చిరిగినప్పుడు మా మామ్మ సంతలో దారము కొనెడిది కాదు. ఆ ఉత్తరీయపు అంచుకొననుండియే పోగు లాగి, కిటికీ వెలుగున కూర్చుండి, ఆ పోగుతోనే చిరుగును నేతవలె అల్లెడిది. "వేరే దారంతో కుట్టితే చిరుగు కంటె కుట్టే ముందు కనబడుతుంది నాయనా" అని నాతో ఒకనాడు చెప్పినది. అప్పటికి నాకు ఎనిమిదేండ్లు. ఆ మాట కుట్టుపని గూర్చినదని మాత్రమే అనుకొంటిని. ఆ రాత్రి డ్యూకు మందిరమున క్విక్సోట్‌కు కొఱవడినది ఈ చేయి. ఆయన ఇంటి పరిచారిక అక్కడ నున్నయెడల అంచునుండి పోగు లాగి యుండెడిది.

సెర్వాంటిస్ ఇది ఊహించి వ్రాసినది కాదు. 1571లో లెపాంతో నౌకాయుద్ధమున ఎడమచేయి చెడినది. 1575 నుండి అయిదేండ్లు అల్జీర్సు నగరమున బందీగా నుండెను. తిరిగివచ్చి రాజుగారి నౌకాదళమునకు ధాన్యము సేకరించు కొలువుచేసి, లెక్కల చిక్కులలో కారాగారము చూచెను. వల్యదోలిద్ నగరమున ఉన్న దినములలో ఆయన సోదరి ఆంద్రెయా పరుల బట్టలు కుట్టి కొంత సంపాదించుచుండెను. సూది, దారము, గుండీ, వీని వెల తెలిసిన యింటిలో ఈ పుస్తకము పెరిగినది. పుస్తకములోని కల్పనకును పట్టుతో చుట్టఱికము కలదు: తొలేదో బజారులో ఒక కుఱ్ఱవాడు పట్టు వర్తకునకు చిత్తుకాగితములుగా అమ్మజూపిన కట్టలలో ఈ కథ దొరికినదని రచయిత చెప్పుకొన్నాడు. కొనకున్నచో అది పట్టుగుడ్డలకు చుట్టుకాగితమై యుండెడిది.

సాంచోకు ఈ బాధలు లేవు. వేటకై డ్యూకు మందిరమువారు ఆకుపచ్చని దుస్తులు ఇవ్వగా క్విక్సోట్ నిరాకరించెను. సాంచో పుచ్చుకొనెను, దొరికినప్పుడు అమ్ముకొందమను తలంపుతో. వేటలో అడవిపందికి వెఱచి చెట్టెక్కి, కొమ్మకు తగులుకొని వ్రేలాడినపుడు ఆ దుస్తు చిరిగినది. వానికి ప్రాణము పోయినంత పనియైనది, ప్రాణభయముచేత కాదు, ఆ గుడ్డ ఒక భూవసతితో సమానమని నమ్మియుండుట చేత. తరువాత ఆ దుస్తునే భార్య తెరేసాకు పంపి, కూతురు సాంచికాకు పావడాగాను రవికగాను కుట్టించుమని ఉత్తరము వ్రాయించెను. వర్తమానము తెచ్చిన బంట్రోతుకు ఎదురువచ్చిన తెరేసా కట్టినది పొట్టిగా కోసిన బూడిదరంగు పావడా. మొదట, నిన్న కొంగు నెత్తిన వేసికొని పూజకు పోయినది నేడు గుడారపు పావడా కట్టినదని ఊరు నవ్వునని కూతురి పెండ్లి విషయమై పోరాడినది ఆమెయే. డ్యూకు మందిరమునుండి పగడాలదండ చేతికి రాగానే, పట్నమున దొరకు గుండ్రని కంబీల పావడా, సిసలైనది, తెప్పించుమని పురోహితుని అడిగినదియు ఆమెయే. ఈ తల్లికూతుళ్ళ ఆశను సెర్వాంటిస్ ఎంత ప్రేమతో చూచెను! వేటలో చిరిగిన దొరగారి దుస్తు పల్లెపడుచు పావడాగా మాఱుటకు సిగ్గులేదు. మాసిక వేసి కట్టుకొనుటే వారి జీవితము. దాచవలసినది వారికేమియు లేదు.

బార్సెలోనాలో క్విక్సోట్‌కు తెలియకుండ ఆయన పైవస్త్రము వీపుపై పేరు వ్రాసిన తోలుపత్రమును కుట్టిరి. వీధిలో పిల్లలు సైతము తన్ను పేరుతో పిలుచుచుండగా తన కీర్తి యింతగా వ్యాపించినదా యని ఆయన ఆశ్చర్యపడెను. ఆ పుటను నేను వేగముగా త్రిప్పివేసెదను, నావలన కాదు. సాంచోకు డ్యూకు మందిరమువారు తొడిగిన అగ్నిజ్వాలల బొమ్మల నల్లఅంగీ, శిక్షితుల కుళ్ళాయి, ఊరు చేరునాటికి వాని గాడిదపైకి ఎక్కినవి. పిల్లలు చుట్టును మూగిరి.

పక్కపై పడి, బుద్ధి స్వస్థత చెంది, తన అసలు పేరు తాను చెప్పుకొన్న తరువాత క్విక్సోట్ మరణశాసనము వ్రాయించెను. కవచమును గూర్చి అందులో ఒక్కమాట లేదు. ఇంటి పరిచారికను గూర్చి కలదు. నలువది దాటిన ఆ స్త్రీ ఆయన పుస్తకములను పెరటిలో కాల్చినది. రెండవ యాత్రనుండి పంజరములో తెచ్చిన ఆయనను మరల మనిషిని చేయుటకు ఆఱువందలకు పైగా గ్రుడ్లు పెట్టితినని, తన కోళ్ళే సాక్ష్యమని చెప్పుకొన్నది. ఆమె సేవ చేసిన కాలమున కంతకు జీతము ముట్టజెప్పవలెననియు, అదిగాక ఒక దుస్తు కుట్టించుకొనుటకు ఇరువది డుకాట్లు ఈయవలెననియు లేఖకునిచేత వ్రాయించెను.